హైదరాబాద్ ఐటీ కంపెనీల యాజమాన్యాలకు ఒక అమ్మమ్మ బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీల యాజమాన్యాలకు, హెచ్‌ఆర్ విభాగాల పెద్దలకు నమస్కారం.

నేను హనుమకొండలో ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి, 61 ఏళ్లు నిండాక రిటైర్ అయిన టీచర్‌ని. ఇప్పుడు కొండాపూర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ మీలాంటి కంపెనీల్లోనే పనిచేస్తారు. వాళ్ల పిల్లవాడికి రెండేళ్లు నిండి మూడో ఏడు నడుస్తోంది. పొద్దున వాళ్లు లాప్‌టాప్ బ్యాగులు తగిలించుకుని లిఫ్ట్ ఎక్కింది మొదలు, రాత్రి ఆఖరి కాల్ అయ్యేదాకా వాడు నా దగ్గరే ఉంటాడు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం చెప్తాను. మీ ఆఫీసులు టైముకు నడవడం కోసం మా వయసువాళ్లు రోజంతా చేస్తున్న పని మీ ప్లానుల్లో ఎక్కడా కనబడదు. కానీ ఆ పని ఆగిపోతే మీ ప్లానులన్నీ ఆగిపోతాయి. సాయంత్రం ఏడింటికి మీటింగ్ పెట్టేటప్పుడు, శనివారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది రమ్మనేటప్పుడు, అప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉంటారని ఎవరూ అడగరు. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటుందిలే అన్న ధైర్యం అందరికీ ఉంది. ఆ అమ్మమ్మ ఆరోగ్యం ఎలా ఉంది, ఆమె చూసుకోవాల్సిన మనుషులు ఇంకెవరైనా ఉన్నారా అన్నది ఎవరికీ తట్టదు.

నేను అడిగేవి రెండే. చట్టం పెట్టమన్న క్రెష్‌లు, అంటే మనవాళ్లు డే కేర్ అనేవి, నిజంగా పెట్టండి. వయసు మీద పడ్డ తల్లిదండ్రులను చూసుకోవడానికి మీ ఉద్యోగులకు సెలవు ఇవ్వండి. ఈ రెండూ ఎందుకు కలిపి అడుగుతున్నానో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ రోజుల్లో చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవాళ్ల పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. వాళ్ల తర్వాత చేరినవాళ్ల పిల్లలు మా చేతుల్లో పెరుగుతున్నారు. మియాపూర్, నిజాంపేట, మణికొండ, నార్సింగి, తెల్లాపూర్, ఎటు వెళ్లినా ఇదే తీరు. పగలు పదకొండు గంటలకు ఏ అపార్ట్‌మెంట్‌కైనా ఒకసారి వచ్చి చూడండి. కింద నీడపట్టున కూర్చున్నవాళ్లు అరవై దాటినవాళ్లు, వాళ్ల ఒళ్లో మూడేళ్లలోపు పిల్లలు. గేటు దగ్గర స్కూల్ బస్సు కోసం వాటర్ బాటిళ్లు పట్టుకుని నిలబడేవాళ్లు తాతయ్యలు. మా బ్లాకులో గుంటూరు నుంచి వచ్చినామె ఉంది, ఖమ్మం నుంచి వచ్చినామె ఉంది, సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చినామె ఉంది. ముగ్గురి భర్తలూ ఊళ్లోనే ఉన్నారు. పొలం ఉంది, గేదెలు ఉన్నాయి, ఇల్లు వదిలిపెట్టి రావడం కుదరదు. యాభై ఏళ్లు కలిసి బతికిన ఆలుమగలు ఈ వయసులో ఫోన్లో "తిన్నవా, మందులు వేసుకున్నవా" అని ఒకరినొకరు అడుగుతున్నారు. సిరిసిల్లామె ఒక రోజు నాతో అన్నది: "కూలికి పోతే పొద్దుగూకంగ ఇంటికి పోతం టీచరమ్మా. ఈడ పొద్దు గూకదు."

పని అంటే ఏమిటో కూడా చెప్పాలి. పసిపిల్లను చూసుకోవడం కూర్చుని చేసే పని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మా మనవడి బరువు పన్నెండు కిలోలు దాటింది. వాణ్ణి ఎత్తుకుని, దించి, మళ్లీ ఎత్తుకుని, సోఫా కింద దూరిన బంతి తీసి, బాల్కనీ తలుపు వేసి, పప్పన్నం ఒక్కో ముద్దా కథ చెప్పి తినిపించి, కడిగి, బట్టలు మార్చి నిద్రపుచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. నా షుగర్ మాత్ర అన్నం ముందు వేసుకోవాలి. ఎన్నోసార్లు అన్నం తిన్నాక గుర్తొస్తుంది. మోకాళ్ల సంగతి డాక్టర్ చెప్పాడు, మెట్లు ఎక్కొద్దు, బరువులు ఎత్తొద్దు అని. బరువు ఎత్తకుండా పిల్లవాణ్ణి ఎలా పెంచాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీ కంపెనీలు ఇచ్చే ప్రసూతి సెలవు 26 వారాలు. 2017లో చట్టం సవరించాక పన్నెండు వారాలు కాస్తా మొదటి ఇద్దరు పిల్లలకు ఇరవయ్యారు వారాలయ్యాయి. మంచి చట్టం, దాన్ని తెచ్చినవాళ్లకు ఆడవాళ్లందరి తరఫునా దండం పెడతాను. కానీ ఆ సెలవు ఎక్కడ ముగుస్తుందో చూడండి. ఆరో నెల వస్తుంది, అన్నప్రాశన చేస్తాం, ఉగ్గు మొదలుపెడతాం. పిల్లవాడికి అన్నం అలవాటు చేయడం అనే పెద్ద పని మొదలైన వారంలోనే తల్లి ఆఫీసుకు వెళ్లిపోతుంది. తొమ్మిదో నెలలో వేయించే తట్టు టీకా నాటికి ఆమె పూర్తిగా పనిలో మునిగి ఉంటుంది. ఆ టీకా తర్వాత ఒళ్లు వెచ్చబడితే రాత్రి తడిగుడ్డ పట్టుకుని కూర్చునేది నేను, ఎందుకంటే ఆమెకు పొద్దున తొమ్మిదింటికి కాల్ ఉంది. తండ్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన మగవాళ్లకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగికి అలాంటి సెలవు ఇచ్చి తీరాలని చెప్పే చట్టమే లేదు. మీలో కొందరు మీ అంతట మీరే ఇస్తున్నారు, సంతోషం. కొందరు ఇచ్చేది తల్లీబిడ్డా ఆస్పత్రి నుంచి ఇల్లు చేరేలోపే అయిపోతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనవడిని చూసుకోవడం నాకు బరువని నేను అనడం లేదు. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలకు ఎక్కాలు నేర్పినదాన్ని, నా ఇంటి పిల్లవాడికి ఒకట్లు నేర్పుతుంటే కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను. వాడు పావురాన్ని చూసి "అమ్మమ్మా, వచ్చింది" అని పరుగెత్తి వస్తే నా మోకాళ్ల నొప్పి నాకు గుర్తుండదు. కావాలనే వచ్చాను, ఇష్టంగానే ఉన్నాను. కానీ నా ఇష్టాన్ని లెక్కేసుకుని పక్కవాళ్లు తమ బాధ్యత దులిపేసుకుంటే ఒప్పుకోను.

నా అసలు కష్టం ఇప్పుడు చెప్తాను.

మా అత్తయ్యకు 88 ఏళ్లు. హనుమకొండలో ఉంది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆమెకు యాభై నాలుగు. నేను బడికి వెళ్లి వచ్చేదాకా పిల్లను ఆమే పెంచింది. నీళ్లు పోసింది, సాంబ్రాణి పొగ వేసింది, తట్టు పోస్తే రాత్రంతా వేపాకులతో విసిరింది. ఆమె లేకపోతే నేను ఉద్యోగం చేసి ఉండేదాన్ని కాదు, ఈ పెన్షన్ వచ్చేది కాదు. ఆమె ఇప్పుడు మంచంలో ఉంది. బాత్‌రూమ్‌లో జారిపడితే తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయ్యింది, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. ఆమె దగ్గర ఉండాల్సినదాన్ని నేను. ఆమె పెంచిన పిల్ల ఉద్యోగం చేసుకోవడం కోసం ఆమెకు నూటనలభై కిలోమీటర్లకు పైగా దూరంలో కొండాపూర్‌లో ఉన్నాను.

ఆమెను చూసుకుంటున్నది మా ఆయన. ఆయనకు 68. జీవితంలో ఏనాడూ పొయ్యి దగ్గరికి రాని మనిషి జావ కాయడం నేర్చుకున్నాడు, వాళ్లమ్మ తల దువ్వడం నేర్చుకున్నాడు. పొద్దున రెండు గంటలు ఒకామె వచ్చి స్నానం చేయించి వెళ్తుంది. మిగతాదంతా ఆయనే. కొడుకు చేత డైపర్ మార్పించుకోవడానికి ఆ తల్లి పడే సిగ్గు నాకు ఫోన్లోనే తెలుస్తుంది. "పిలగాడు పైలమా" అని ముందు అడుగుతుంది, తర్వాత "నువ్వొస్తే మంచిగుండు బిడ్డా" అంటుంది. కుదిరిన శనివారాల్లో హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగి, అక్కడ హనుమకొండ ఎక్స్‌ప్రెస్ పట్టుకుని వెళ్తాను. మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సుకు టికెట్ ఖర్చు లేదు. ఆదివారం రాత్రికి వెనక్కి వచ్చేయాలి, ఎందుకంటే సోమవారం మీ ఆఫీసులు తెరుస్తారు.

మా వియ్యపురాలు వచ్చి సాయం చేయాలని ఎంతో అనుకుంటుంది. ఆమెకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయ్యింది, పిల్లవాడి వెనక పరుగెత్తలేదు.

మా ఒక్క ఇంటికే వచ్చిన కష్టమైతే బహిరంగంగా రాసేదాన్ని కాదు. లెక్కల టీచర్‌ని కాబట్టి ఇందులో ఉన్న లెక్క చెప్తాను. మా అత్తయ్య యాభై నాలుగుకు నాయనమ్మ అయ్యింది. నేను అరవై దాటాక అమ్మమ్మనయ్యాను. చదువులు, ఉద్యోగాలు, ఇంటి లోన్లు అన్నీ చూసుకుని ఇప్పటి పిల్లలు ముప్పై దాటాక బిడ్డలను కంటున్నారు. అందులో తప్పేమీ లేదు. ఇంకోవైపు వైద్యం బాగుపడింది, ఎనభై దాటి బతికేవాళ్లు ప్రతి బంధువుల ఇంట్లోనూ కనబడుతున్నారు. ఈ రెండూ కలిసి ఏమైందంటే, మనవడిని ఎత్తుకోవాల్సిన రోజులూ, అత్తమామలను లేపి కూర్చోబెట్టాల్సిన రోజులూ, మన ఒంట్లో శక్తి తగ్గే రోజులూ ఒకేసారి వచ్చిపడ్డాయి. మా ముందు తరానికి ఇవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. చేసే చేతులు కూడా ఎక్కువ ఉండేవి. మాకు ఒక్కతే అమ్మాయి. అల్లుడు కూడా వాళ్లింట్లో ఒక్కడే. ఇద్దరు ఉద్యోగస్తుల మీద నలుగురు తల్లిదండ్రులు, ఒక ముత్తవ్వ, ఒక పసివాడు. ఏ ఒక్కరికి జ్వరం వచ్చినా ఇల్లంతా టెన్షన్.

జాతీయ గణాంక కార్యాలయం చేసిన 2024 కాల వినియోగ సర్వే ఈ విషయంలో కొంత చెప్పింది. 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు జీతం లేని ఇంటిపనికి రోజుకు సగటున 305 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు అందులో మూడో వంతు కూడా పెట్టడం లేదట. ఇంట్లోవాళ్లను చూసుకునే పనిలో ఆ వయసు ఆడవాళ్లలో 41 శాతం మంది ఉంటే మగవాళ్లలో 21.4 శాతం మందే ఉన్నారు. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చిన లెక్కలు ఇవి. ఆ లెక్కలు 59 దగ్గర ఆగాయి. మా అపార్ట్‌మెంట్ కింద కూర్చున్నవాళ్లలో ఆ వయసులోపు వాళ్లను వెతికి పట్టుకోవాలి.

ఇప్పుడు చట్టం సంగతి. 2017 సవరణ సెలవు పెంచి ఊరుకోలేదు. యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ సదుపాయం కల్పించాలని చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చని చెప్పింది. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ హక్కులన్నీ ప్రతి మహిళకూ రాసి ఇవ్వాలని చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ క్రెష్ బాధ్యత ఉంది. అందులో నాకు బాగా నచ్చిన వెసులుబాటు ఒకటుంది. కొన్ని సంస్థలు కలిసి డబ్బు వేసుకుని ఒక ఉమ్మడి క్రెష్ పెట్టుకోవచ్చు. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్తే ఒక కంపెనీ గోడ పక్కనే ఇంకో కంపెనీ గోడ. ఉమ్మడిగా పెట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఎక్కడ దొరుకుతుంది? యాభైమంది ఉంటేనే చట్టం వర్తిస్తుంది, మీలో కొందరి క్యాంటీన్ క్యూలోనే అంతకు ఎన్నో రెట్లు మనుషులు ఉంటారు.

కొన్ని పెద్ద క్యాంపస్‌లలో మంచి క్రెష్‌లు ఉన్నాయి, కాదనను. అయితే మా అమ్మాయి తన కంపెనీలో అడిగినప్పుడు ఒక జాబితా పంపారు. ఫలానా డే కేర్‌లతో మాకు ఒప్పందం ఉంది, ఫీజులో కొంత తగ్గిస్తారు అని. ఇంటికీ దగ్గర కానివి, ఆఫీసుకూ దగ్గర కానివి. ఒకదాంట్లో ఏడాదిన్నర నిండితేనే చేర్చుకుంటారు. ఇంకోటి సాయంత్రం ఆరున్నరకు మూసేస్తారు, అమెరికా వాళ్లతో కాల్ మొదలయ్యేది అప్పుడే. నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవాలంటే ఆ ట్రాఫిక్‌లో రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. జాబితా పంపితే చట్టం పాటించినట్టు అవుతుందేమో నాకు తెలియదు, పిల్లవాడికి మాత్రం చోటు దొరకలేదు. నేను వచ్చాను.

మీరు తలచుకుంటే చేయగలరని నాకు నమ్మకం ఉంది. రాత్రి షిఫ్టు ముగిసిన ఆడపిల్లలను క్యాబ్‌లో ఇంటి గేటు దాకా దింపే ఏర్పాటు చేశారు. ఏ అమ్మాయి ఏ బండి ఎక్కింది, ఎన్నింటికి దిగింది, అంతా మీ దగ్గర రాసి ఉంటుంది. 2020లో వారాల వ్యవధిలో మొత్తం ఆఫీసును ఇళ్లలోకి మార్చేశారు. ఒక గది, ఆడించే మనుషులు, శుభ్రమైన పాలసీసాలు, పడుకోబెట్టడానికి పరుపులు, వీటికి అంతకంటే తెలివి అక్కర్లేదు. చిన్న మాట, ఇంటి నుంచి పని చేయనిచ్చాం కదా అనకండి. రెండేళ్ల పిల్లవాడిని పక్కన పెట్టుకుని ఎవరూ కోడ్ రాయలేరు. అప్పుడూ ఆ పిల్లవాడు మా గదిలోనే ఉంటాడు, తలుపు వేసుకుని, అరవకుండా.

ఆ క్రెష్‌లో తండ్రులకు కూడా రానుపోను ఉండాలి. తల్లులకే కార్డు ఇస్తే పిల్లవాడి పని తల్లిదేనని మీరే రాసిచ్చినట్టు అవుతుంది.

క్రెష్ వస్తే మమ్మల్ని పంపించేస్తారని మాలో కొందరు భయపడతారు. నేను భయపడను. పిల్లవాడు పగలు మంచి చోట పదిమంది పిల్లలతో ఆడుకుని వస్తే, సాయంత్రం నేను వాడికి కథ చెప్తాను, పండక్కి ఊరికి తీసుకెళ్తాను, ఒంట్లో బాగోలేని రోజున నా దగ్గరే ఉంచుకుంటాను. నెలలో సగం రోజులు హనుమకొండలో అత్తయ్య దగ్గర ఉంటాను. అమ్మమ్మగా ఉండాలంటే నాకు మధ్యలో ఊపిరి తీసుకునే వీలుండాలి.

ఇక రెండోది, సెలవు. మీ సెలవుల పాలసీ మా అల్లుడు చదివి వినిపించాడు. తల్లిదండ్రులు చనిపోతే సెలవు ఉంది. బతికి ఉండి మంచాన పడితే లేదు. నాకు ఈ ఒక్క విషయం ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఆస్పత్రిలో ఓపీ చీటీ రాయించుకోవడానికి పొద్దున ఏడింటికే లైన్లో నిలబడాలి, డాక్టర్ చూసి, స్కాన్ తీసి, రిపోర్ట్ వచ్చేసరికి ఆ రోజు అయిపోతుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే తండ్రి ఉన్న ఉద్యోగి ఏం చేయాలి? తన జ్వరానికి దాచుకున్న సెలవులు వాడేస్తాడు, అవి అయిపోయాక ఊరి నుంచి ఇంకో ముసలి బంధువును పిలిపిస్తాడు.

తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. చూడని పిల్లల మీద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, నెలకు పది వేల దాకా భరణం ఇప్పించవచ్చు. డబ్బు ఇప్పించే చట్టం ఉంది. మా పిల్లలు డబ్బుకు వెనకాడేవాళ్లు కాదు, వాళ్ల దగ్గర లేనిది సమయం. ఆ సమయం మీ చేతిలో ఉంది. కేంద్ర ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకు పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఇస్తోంది. అస్సాం ప్రభుత్వం తల్లిదండ్రులతో గడపడానికి ఉద్యోగులకు రెండు రోజుల ప్రత్యేక సెలవు పెట్టింది. అంటే ఆలోచన కొత్తదేమీ కాదు. జీతంతో కూడిన పది రోజులు ఇచ్చినా, గంటల చొప్పున వాడుకోనిచ్చినా ఎంతో మేలు. అది ఉద్యోగి తల్లిదండ్రులకూ, అత్తమామలకూ, పెంచిన నాయనమ్మకూ వర్తించాలి. మా అమ్మాయి తన నాయనమ్మ ఆపరేషన్ రోజున రావాలంటే, ఆవిడ "దగ్గరి కుటుంబం" కిందికి రాదన్నారు. ఆ పిల్లకు నడక నేర్పింది ఆవిడే.

ఆరోగ్య బీమాలో కూడా ఇదే చిక్కు. కొన్ని కంపెనీల్లో కన్నవాళ్లనైనా అత్తమామలనైనా ఒక జంటనే రాసుకోవాలి. ఆ ఇంటి ఆడపిల్ల ఎవరి పేర్లు రాస్తుంది, ఎవరి పేర్లు మనసులో ఉంచుకుంటుంది? అదనపు ప్రీమియం కట్టి రెండు జంటలనూ చేర్చుకునే వీలు అందరికీ ఇవ్వండి.

మీలో చాలామంది యాభైకి అటూఇటూ ఉన్నవాళ్లు. మీ తల్లిదండ్రులు ఎనభైల్లో ఉంటారు, మీ పిల్లలకు ఇంకో పదేళ్లలో పిల్లలు పుడతారు. కాబట్టి ఈ సంగతులు మీకు నేను చెప్పేదాకా తెలియవని అనుకోను. ఇంట్లో తెలిసిన విషయాన్ని ఆఫీసు కాగితం మీద కూడా పెట్టమని అడుగుతున్నాను.

జూన్ 12న తెలంగాణలో బడులు తెరుస్తారు. ఆ లోపు మీ ప్రతి ఉద్యోగికీ ఒక కాగితం ఇవ్వండి. మీ క్రెష్ ఎక్కడ ఉంది, ఎన్నో నెల నుంచి పిల్లలను తీసుకుంటారు, ఎన్నింటికి తెరిచి ఎన్నింటికి మూస్తారు, ఇంకా ఎంతమందికి చోటు ఉంది, అందులో రాయండి. లేకపోతే ఏ నెలకు పెడతారో రాయండి. పక్క కంపెనీతో కలిసి పెట్టే ఆలోచన ఉంటే అదీ రాయండి. దాని కిందే, పెద్దవాళ్లను చూసుకోవడానికి ఏడాదికి ఎన్ని రోజులు ఇస్తారో రాసి సంతకం పెట్టండి. మా అమ్మాయి ఆ కాగితం ఇంటికి తెస్తే నేను చదువుకుంటాను, హనుమకొండకు ఫోన్ చేసి మా ఆయనకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
కొండాపూర్, హైదరాబాద్